ఒకే కంచంలో ముద్దలు

పోయిన వారం కథలో ఆశాజ్యోతిని కడియం బస్టాపులో వదిలిపెట్టాం. భుజాన నాలుగేళ్ళ అబ్బులు, చేతిలో మందుల సంచి. పిల్లాడి రక్తంలో క్యాన్సరు ఉందని తేలిన దగ్గర్నుంచి హైదరాబాదు ఆస్పత్రిలో వాడి మంచం పక్కనే ఆమె కాపురం. వానలు పడకముందు వెళ్ళిన మనిషి తిరిగొచ్చేసరికి నర్సరీల్లో చామంతులు పూతకొచ్చాయి. తర్వాతి విడత మందులు ఎక్కించేలోగా కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండి రమ్మని డాక్టరు పంపించాడు. భర్త సుకుమార్ ఆ ఊరి నర్సరీలో మొక్కల లోడింగు చూసే సూపర్‌వైజరు. ఇన్ని నెలలూ ఎనిమిదేళ్ళ కూతురు దీవెనని చూసుకున్నది ఆశాజ్యోతి చెల్లెలు రూతు. పాలకొల్లులో టీచరు ఉద్యోగం మానుకుని మరీ వచ్చింది. బస్సు దిగిన తల్లిని చూసి పరుగెత్తుకు రావలసిన దీవెన, పిన్ని చెయ్యి వదలకుండా నిలబడిపోయింది.

ఆ సాయంత్రానికి పిల్ల కాస్త కరిగింది. గోడవార జరిగి జరిగి, చివరికి తల్లి ఒడిలో తల దూర్చింది. ఆశాజ్యోతి ఆ తల నిమిరింది. తను బిగించి అల్లే రెండు జడలు లేవు. మెడదాకా కత్తిరించిన జుట్టు, ఏదో షాంపూ వాసన.

"పేలు పడ్డాయక్కా. పొద్దున్నే జడలెయ్యడానికి టైము కూడా చాలట్లేదు" అంది రూతు, అడక్కముందే.

"మంచి పని చేశావు" అంది ఆశాజ్యోతి.

పిల్ల నవ్వితే ముందుపన్ను కొత్తది, సగం వచ్చి ఉంది. పాతది ఎప్పుడు ఊడిందో, ఏడ్చిందో లేదో, ఎవరి చేతిలో పెట్టి చూపించిందో కన్నతల్లికి తెలియదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా ఉండే చోట చెయ్యి పెడితే చింతపండు తగిలింది. పప్పుచారు కాచి పెడితే దీవెన రెండు ముద్దలు తిని, "పిన్ని ఇందులో కొంచెం బెల్లం వేస్తుందమ్మా" అంది. ఎంత మర్యాదగా అంది. చుట్టాలింట్లో వంట బాగాలేదని చెప్పలేక చెప్పినట్టు.

ఇరుగుపొరుగు వేరే సంగతి ఊహించుకుంటున్నారని ఆమెకు తెలుసు. వయసులో ఉన్న మరదలు, పెళ్ళాం ఊళ్ళో లేని బావ. బస్టాపు నుంచి ఇంటికొచ్చే దారిలోనే ఇద్దరు ముగ్గురు ఆ మాట అడక్కుండా అడిగారు. ఆశాజ్యోతికి ఆ దిగులు లేదు. సుకుమార్ సంగతి ఆమెకు తెలుసు, రూతు సంగతి అంతకన్నా తెలుసు. అసలు మొగుడి గురించే అయినా బాగుండుననిపించింది ఒక్క క్షణం. మొగుణ్ణి లాక్కున్నదాని జుట్టు పట్టుకోవచ్చు. ఊరంతా వెనకాల నిలబడుతుంది. నా పిల్లకి అన్నం పెట్టావు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నావు, నా పిల్ల నిన్ను ప్రేమించేసింది అని ఎవరితో పోట్లాడేది? ఎవరు వింటారు? వింటే తనని ఏమంటారు?

మర్నాడు శుక్రవారం. దీవెన బడి నుంచి వచ్చాక ఇంట్లో ఏదో మారింది. నిన్న మంచం మీద తమ్ముడి పక్కన కూర్చున్న పిల్ల ఇవాళ వీధి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచే మొహం వంకర్లు తిప్పి, కోతిలా గోక్కుని వాణ్ణి నవ్వించింది. వాడు చేతులు చాపి, "అక్కా, దా" అంటే కళ్ళు రూతు వైపు తిప్పింది.

"లోపలికి రావే" అంది ఆశాజ్యోతి.

"హోంవర్కుందమ్మా."

"స్కూల్లో పదిమందితో తిరిగొస్తుంది కదక్కా, అబ్బులికి మంచిది కాదేమో" అని రూతు వెనక గదిలోంచి అందుకుంది.

"స్నానం చేసి రమ్మను."

"చూద్దాంలే అక్కా."

ఆ చూద్దాంలే ఆశాజ్యోతికి అరగలేదు. రాత్రి పక్కలు వేసేటప్పుడు దీవెనని తన దగ్గర పడుకోమంటే, "నిద్దట్లో కాళ్ళు విసురుతుంది, అబ్బులికి తగులుతుంది" అని రూతు చాప వెనక గదిలోకి లాక్కుపోయింది. మర్నాడు శనివారం పొద్దున బోరింగు దగ్గర సుకుమార్, రూతు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆశాజ్యోతి బిందె తీసుకుని అటు వెళ్ళేసరికి ఇద్దరూ ఆగిపోయారు. సుకుమార్ చెప్పుల కోసం వెతికాడు. రూతు పంపు కొట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రూతు వచ్చి నిలబడింది. "అక్కా, దీవెనని పాలకొల్లు అమ్మ దగ్గరికి తీసుకెళ్ళనా? ఓ వారం ఉండి వస్తాం."

"వారమా? దాని బడి?"

"నేను చదివిస్తాలే."

"నేనిల్లు చేరి రెండ్రోజులు కాలేదే రూతూ."

"పోనీ వెళ్ళనియ్యవే" అన్నాడు సుకుమార్, తలెత్తకుండా బూటు లేసు కట్టుకుంటూ.

ఆశాజ్యోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అంది.

రూతు ఏదో చెప్పబోయింది. సుకుమార్ దగ్గాడు. ఆమె నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ దగ్గు ఆశాజ్యోతి చెవిలో సాయంత్రందాకా ఉండిపోయింది.

ఆదివారం తెల్లారేసరికి సుకుమార్ నర్సరీకి వెళ్ళాడు. నాగపూరు వెళ్ళే లారీకి లోడింగు ఉందన్నాడు. రూతు తలంటుకుని మంచి చీర కట్టుకుంది.

"గుడికి ఆరాధనకెళ్ళొస్తానక్కా. దీవెనని దేవకుమారి గారింట్లో కూర్చోబెట్టి వెళ్తున్నాను."

"ఎందుకు? నేనున్నాగా."

"నీకు వీడితోనే సరిపోతుంది. వచ్చేటప్పుడు నేనే తెచ్చుకుంటాను."

తెచ్చుకుంటాను అంది. తీసుకొస్తాను అనలేదు. గేటు చప్పుడు వినబడేదాకా ఆశాజ్యోతి ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అబ్బులికి స్పంజితో ఒళ్ళు తుడిచి, మాత్రలు వేసి నిద్రపుచ్చింది. ఆ తర్వాత చెయ్యడానికి పని లేకపోయింది. ఇల్లంతా సర్ది ఉంది. బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. దీవెన యూనిఫారానికి ఊడిన బొత్తాం కూడా కుట్టేసి ఉంది. తన ఇంట్లో తనకి మిగిలిన పనంటూ ఏమీ లేదు.

ఆమె లేచి పక్కింటికి వెళ్ళింది.

దేవకుమారి గారు ఒంటరి మనిషి. మోకాళ్ళ నొప్పులొచ్చాక గుడికి వెళ్ళడం మానుకుంది. అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. కింద దీవెన గచ్చకాయలు ఆడుకుంటోంది.

"దీవెనని తీసుకెళ్దామని వచ్చానండి."

"రామ్మా, కూర్చో. రూతు తనొచ్చిందాకా ఇక్కడే ఉంచమందే. మీ ఇంటిక్కూడా పంపొద్దని రెండుసార్లు చెప్పెళ్ళింది."

ఆశాజ్యోతి నవ్వింది. "నా పిల్ల నా ఇంటికి రావడానికి రూతు చెప్పాలాండి?"

"అది కాదమ్మా. ఆ పిల్ల ఊరికే ఏదీ చెప్పదు. చూస్తున్నాం కదా ఇన్నాళ్ళూ, కన్నతల్లి కూడా అంత..." అని దేవకుమారి గారు ఆగి, చిక్కుళ్ళ చేట సర్దుకుంది.

"దీవెనా, పద."

పిల్ల కదల్లేదు. "పిన్ని వద్దంది."

"అమ్మ రమ్మంటోంది."

దీవెన తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. గచ్చకాయలు ఒక్కొక్కటే గౌను జేబులో వేసుకుని లేచి వచ్చింది. వచ్చి, తనంతట తానే తల్లి వేలు పట్టుకుంది. ఆశాజ్యోతి ఆ చిన్న చెయ్యి వదలకుండా ఇంటికి నడిచింది.

ఇంటికొచ్చేసరికి అబ్బులు లేచి, ఆకలని గోల పెడుతున్నాడు. ఆ మాత్రల వల్ల వాడికి ఎప్పుడూ ఆకలే. బుగ్గలు ఉబ్బి, తల నున్నగా, చిన్న షావుకారులా మంచం మీద కూర్చుని హుకుం చేస్తాడు. ఆశాజ్యోతి పెద్ద కంచంలో వేడివేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపింది. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టింది. వీధి గదిలో చాప పరిచి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒక ముద్ద అబ్బులికి, ఒక ముద్ద అక్కకి."

దీవెన చాప చివర కూర్చుంది. "నాకు వేరే కంచంలో పెట్టమ్మా."

"ఏం, నా చేతి ముద్ద వద్దా?"

పిల్ల జరిగి దగ్గరికొచ్చింది. అబ్బులు ముద్ద సగం కొరికి, మిగతా సగం అక్క నోటి దగ్గర పెట్టాడు. దీవెన పెదాలు బిగించింది. తల్లి వంక చూసింది. ఆశాజ్యోతి నవ్వుతూ, "తిను, తమ్ముడు పెడుతుంటే" అంది. దీవెన నోరు తెరిచింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఇద్దరూ పోటీపడి నోళ్ళు తెరిచారు. ఆశాజ్యోతి మళ్ళీ లేచి అన్నం కలుపుకొచ్చింది. బెల్లం ఊసు ఎవరూ ఎత్తలేదు. తిన్నాక అక్క చేతి మీద తల పెట్టుకుని అబ్బులు పడుకున్నాడు. దీవెన వాడి నున్నటి తల మీద వేలితో బొమ్మలు గీస్తూ, గీస్తూ నిద్రపోయింది.

ఇద్దరికీ విసనకర్రతో విసురుతూ కూర్చుంది ఆశాజ్యోతి. ఆస్పత్రికి వెళ్ళినప్పటి నుంచి లోపల బిగుసుకుపోయి ఉన్నదేదో వదులైంది. ఇద్దరూ నా పిల్లలే అనుకుంది. ఆ వెంటనే, చూస్తావుగా రూతూ, వచ్చి చూడు అనుకుంది. ఆ రెండో మాటే తియ్యగా ఉంది.

గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. కిటికీలోంచి చూస్తే సుకుమార్ వెనకనుంచి రూతు దిగుతోంది. గుడికని వెళ్ళిన మనిషి చేతిలో బైబిలు లేదు. ఇద్దరూ దేవకుమారి గారి అరుగు దాకా వెళ్ళి, అక్కడ్నుంచి గబగబా ఇటు వచ్చారు. రూతు చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోకి వచ్చి చాప మీద నిద్రపోతున్న ఇద్దర్నీ, పక్కనున్న ఒక్క కంచాన్నీ చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"దీవెనా, లే. ఇవతలికి రా."

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా కళ్ళు పూర్తిగా తెరవకముందే దీవెన లేచి కూర్చుంది. తను ఎంత బతిమాలితే వచ్చిందీ పిల్ల. రూతు ఒక్క మాటకి నిద్దట్లోంచి లేస్తుంది.

"పడుకోవే" అంది ఆశాజ్యోతి. "నా ఇంట్లో నా పిల్లని లేపడానికి నువ్వెవరివి?"

"అక్కా, ముందు దాన్ని ఇవతలికి పంపు. తర్వాత నన్ను ఎన్నైనా అను."

"ఇప్పుడే అంటాను. గుడికని చెప్పి ఎక్కడికెళ్ళావో నాకనవసరం. నా కూతుర్ని పక్కింట్లో దాచిపెట్టి వెళ్ళావు చూడు, అదీ నేనడిగేది. మూడ్రోజులుగా చూస్తున్నాను. వాడు చేతులు చాపితే ఇది గుమ్మం దగ్గర నిలబడిపోతోంది. ఎవరు నేర్పారు దానికి? అమ్మమ్మ చెప్పేది మర్చిపోయావా? ఆసాముల వాకిట్లో దూరంగా నిలబడి దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళని చెప్పి ఏడ్చేది. అలా నిలబెట్టావు నా పిల్లని, దాని తమ్ముడికి దూరంగా. వాడిది అంటుకునే జబ్బు కాదని నీకు తెలీదా? నలుగురికి పాఠం చెప్పినదానివి."

"ఆశా" అన్నాడు సుకుమార్.

"మీరాగండి. పిల్లని చూసుకోమన్నాను, తీసేసుకోమనలేదు."

రూతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి కాని ఆమె తుడుచుకోలేదు. గోడకు చెయ్యి ఆనించి చెప్పింది.

"వాడిది దీనికి అంటుకుంటుందని కాదక్కా. దీనిది వాడికి అంటుకుంటుందని."

ఆశాజ్యోతికి అర్థం కాలేదు.

"దీవెన బెంచీలో కూర్చునే అమ్మాయికి ఆటలమ్మ పోసిందక్కా. జ్వరమొచ్చి మానేసిందనే అనుకున్నాం. శుక్రవారం స్కూలు గేటు దగ్గర వాళ్ళమ్మ కనబడి చెప్పింది. రెండు వారాలు దాటాక కూడా పక్కవాళ్ళకి బయటపడొచ్చట. పైకి కనబడక ముందు నుంచే అంటుకుంటుందట."

విసనకర్ర చేతిలోంచి జారిపోయింది. ఆస్పత్రిలో పక్క మంచం పిల్లకి ఒంటినిండా పొక్కులొచ్చిన రోజు ఆశాజ్యోతికి కళ్ళముందు నిలబడింది. మామూలు పిల్లలకి వచ్చిపోయే జబ్బు ఈ పిల్లల్ని తినేస్తుందమ్మా అని నర్సు చెప్పింది. ఆ పిల్లని వేరే గదికి మార్చారు. తర్వాత వాళ్ళమ్మ ఒక్కతే వచ్చి, మంచం కింది ప్లాస్టిక్ బకెట్టూ చెంబూ తీసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనే వద్దన్నాను" అన్నాడు సుకుమార్. "చెబితే ఆ నిమిషానే వాణ్ణి ఎత్తుకుని రైలెక్కేస్తావు. నీ మొహం చూశావా ఎలా అయిపోయిందో? నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటావని ఆశపడ్డాను. పిల్ల ఒంటి మీద ఏమీ లేదు. దూరంగా ఉంచితే చాలనుకున్నాను. డాక్టరుకి ఫోను చేస్తూనే ఉన్నాం, ఇవాళ్టికి కలిసింది నర్సరీ ఆఫీసు నుంచి. అక్కడికే వెళ్ళింది రూతు."

"నేను చెప్పేయాల్సిందక్కా" అంది రూతు. "పాలకొల్లు వద్దన్నప్పుడైనా చెప్పేయాల్సింది. బావగారు కాదన్నా సరే. తప్పు నాదే."

తప్పు ఒప్పుకోవడంలో కూడా రూతే ముందు. దానికి కూడా ఆశాజ్యోతి కడుపు భగ్గుమంది. ఆ మంట చూసుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

చాప మధ్యలో దీవెన నిలబడి ఉంది. తమ్ముడికి తగలకుండా గౌను కుచ్చిళ్ళు రెండు చేతులతో దగ్గరికి పట్టుకుంది.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"తమ్ముడి దగ్గరికెళ్తే వాడికి ఎక్కువవుతుందని పిన్ని చెప్పింది."

"మరి ఎందుకొచ్చావే? ఎందుకు తిన్నావు?"

దీవెన కింది పెదవి వణికింది. "నువ్వు పిలిచావు కదా. నువ్వెప్పుడూ వాణ్ణే ఎత్తుకుంటావు. వాణ్ణే తీసుకెళ్తావు. ఇవాళ నన్ను పిలిచావు."

ఆశాజ్యోతి పిల్లని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. ఈ మంట ఈ పిల్లకి కూడా ఉంది. తనకి ఉన్నదే. అచ్చంగా తనదే. తల్లి మీద ఆశతో, తమ్ముడి మీద అక్కసుతో ఇన్ని నెలలు లోపల కాలుతూ ఉంటే, పిల్ల తనని మరిచిపోయిందని తను ఏడ్చింది. వీపు నిమురుతుంటే గౌను మెడ కింద వేలికి ఏదో తగిలింది. దోమ కుట్టిందేమో అనుకుంది. హుక్కు తీసి చూసింది.

నీటి చుక్క నిలబడ్డట్టు ఒక పొక్కు. దాని పక్కన ఎర్రగా ఇంకొకటి.

రూతు కూడా చూసింది. ఒక్క అడుగులో వచ్చి అబ్బుల్ని చాప మీంచి ఎత్తుకుని వీధి అరుగు మీదకి వెళ్ళిపోయింది. వాడు నిద్ర చెడి ఏడుపు అందుకున్నాడు.

సుకుమార్ గోడకి జారబడ్డాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "పిల్లకి పైకొస్తే ఇంక ఆలస్యం చెయ్యకుండా బాబుని తెచ్చెయ్యమన్నాడు డాక్టరు. ఏదో ఇంజెక్షనుందట. వెంటనే పడితే చాలావరకు ఆపుతుందట. ఆ పైన సెలైనులో మందు ఎక్కిస్తూ కొన్నాళ్ళు చూడాలట. సాయంత్రం రైలుకి బయల్దేరాలి."

"పదండి. సంచి సర్దుతాను."

"ఆశా, ఇంకోటుంది. వాడి పక్కన వార్డులో ఉండే మనిషికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉండాలట. పోయనివాళ్ళు దీవెన దగ్గర మసిలి వస్తే లోపలికి రానివ్వరు. అక్కడున్నవాళ్ళందరూ అలాంటి పిల్లలే కదా. నాకు పోయలేదు. నేను రైల్లో తోడొచ్చి, ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోతాను. నీకు..."

పోసింది అనాలని నోటిదాకా వచ్చింది ఆశాజ్యోతికి. ఎవరు చూడొచ్చారు? అరుగు మీద నుంచి రూతు, పిల్లాణ్ణి ఊపుతూ, ఇటు చూడకుండానే అంది.

"అక్కకి పోయలేదు బావగారూ. నాకు పోసినప్పుడు అమ్మ అక్కని నర్సాపురం మేనత్త ఇంటికి పంపేసింది."

అవును. పంపేసింది. బయల్దేరే ముందు కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది ఆశాజ్యోతి. అమ్మ రూతు పక్కన కూర్చుని వేపమండతో విసురుతోంది. నాక్కూడా పొయ్యి దేవా అని మేనత్త ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ప్రార్థన చేసింది. పొయ్యలేదు. అప్పుడు పోసి ఉంటే ఇవాళ కొడుకు తన భుజాన ఉండేవాడు.

తర్వాత అంతా పనిలో పడింది. సుకుమార్ ఆటో మాట్లాడడానికి వెళ్ళాడు. దీవెనని వెనక గదిలో పడుకోబెట్టి, ఆశాజ్యోతి సబ్బుతో చేతులు కడుక్కుని చీర మార్చుకుని వచ్చింది. రూతు కూడా ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకుంది. అక్క సంచి సర్దుతూ చెబుతుంటే ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ మళ్ళీ అప్పజెప్పింది, బడిపిల్లలా.

"మాత్ర నలిపి పంచదార నీళ్ళలో కలుపు. తేనెలో అయితే ఉమ్మేస్తాడు."

"పంచదార నీళ్ళు."

"కాచి చల్లార్చిన నీళ్ళే పట్టు. బయట కొన్నది ఏదీ పెట్టొద్దు, ఎంత ఏడ్చినా. నిద్దట్లో నా చీర కొంగు పట్టుకుంటాడు. ఇదిగో, ఈ పాత చీర పెడుతున్నాను. ఉతక్కు."

"ఉతకను."

ఒక్కొక్క మాట చెబుతున్నకొద్దీ ఒంటి మీది నగ ఒక్కొక్కటే తీసి ఇచ్చేస్తున్నట్టుంది ఆశాజ్యోతికి. దీవెనని నెలల మీద నెమ్మదిగా పోగొట్టుకుంది. వీణ్ణి పావుగంటలో అప్పగిస్తోంది.

"మరి సూది అప్పుడో?" అంది రూతు. "నరం దొరకడం కష్టమన్నావు కదా. నాలుగైదు చోట్ల గుచ్చుతారన్నావు. ఎలా ఊరుకోబెడతావు వాణ్ణి?"

దానికొక ఆట ఉంది. లారీ ఆట. వాడి మొహం తన మెడలో దాచుకుని చెవిలో చెబుతుంది. నాన్న లారీ మొక్కలేసుకుని కడియంలో బయల్దేరింది అంటుంది. వాడు పోం అని హారను కొడతాడు. రావులపాలెం వచ్చింది. పోం. తణుకు వచ్చింది. పోం. లారీ వెళ్తున్నంతసేపూ చెయ్యి కదిపితే మొక్కలు కింద పడిపోతాయి. అందుకని కదపడు. ఏలూరు చేరేసరికి సూది పడిపోతుంది. ఒక్కోసారి నరం దొరక్క లారీ బెజవాడ కూడా దాటిపోతుంది. అయినా కదపడు. ఆ ఆట లేని రోజు, మొదట్లో, నలుగురు పట్టుకున్నా ఆగలేదు వాడు. గుచ్చిన చోటల్లా కమిలిపోయింది.

ఆ ఆట ఆస్పత్రిలో తనూ వాడూ కలిసి కట్టుకున్న ఇల్లు. డాక్టర్లకి తెలియదు. సుకుమార్‌కి తెలియదు. అది కూడా చెప్పేస్తే ఇంక తనకి మిగిలేది ఏముంది? రేపు వాడు రూతు మెడలో మొహం దాచుకుని పోం అంటాడు.

"అక్కా?"

"ఏం లేదు" అంది ఆశాజ్యోతి, సంచి జిప్పు లాగుతూ. "చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకుంటే చాలు."

రూతు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, సరేనన్నట్టు తలూపింది.

ఆటో వచ్చింది. సుకుమార్ సంచి తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మూతికి గుడ్డ కట్టి అబ్బుల్ని అందిస్తే, అమ్మ వెనకాలే ఎక్కుతుందనుకున్నాడో ఏమో, వాడు ఏడవలేదు. రూతు మెడ చుట్టూ చెయ్యి వేసి, బుగ్గ ఆమె భుజానికి ఆనించి, "పిన్నీ, రైలు పెద్దదా?" అని అడిగాడు. పెద్దదే నాన్నా అంటూ రూతు వాణ్ణి ఒళ్ళో సర్దుకుంది. ఆటో నర్సరీల మధ్య దారిలో మలుపు తిరిగి రాజమండ్రి రోడ్డెక్కింది. చప్పుడు వినబడినంతసేపూ ఆశాజ్యోతి గేటు దగ్గరే నిలబడింది.

వెనక గదిలోంచి దీవెన పిలిచింది. ఆశాజ్యోతి వెళ్ళి పక్కన కూర్చుంది. పిల్లకి ఒళ్ళు వెచ్చబడుతోంది. తల్లి ఒడిలోకి పాకి, కాళ్ళు ముడుచుకుని, ఇన్నాళ్ళకి వాటా అడిగేవాళ్ళు లేరన్నట్టు మొత్తం ఆక్రమించుకుంది. ఆశాజ్యోతి కోరుకున్నది ఇదే. ఇన్ని నెలలూ ఆస్పత్రి మంచం పక్కన కళ్ళు మూసుకుంటే కనబడింది ఇదే.

"అమ్మా" అంది దీవెన, కళ్ళు మూసుకునే. "పిన్నికి లారీ ఆట చెప్పావా?"

ఆశాజ్యోతి చెయ్యి ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు ఆ ఆట?"

"తమ్ముడే. నువ్వొచ్చిన రోజు సాయంత్రం మంచం మీద కూర్చుని ఆడించాడు. అది ఆడకపోతే చెయ్యి లాగేసుకుంటాడంట. రక్తం వచ్చేస్తుందంట. చెప్పావా?"

బయట ఎక్కడో నాగపూరు లారీకి తాళ్ళు బిగిస్తున్న కేకలు వినబడుతున్నాయి. రైలుకి ఇంకా టైముంది. నర్సరీ దగ్గర మోటారు సైకిళ్ళున్నాయి, మనుషులున్నారు. ఒక్క మాట చెబితే ఎవరైనా స్టేషనుకి వెళ్ళి చెప్పొస్తారు.

"చెప్పానమ్మా" అంది ఆశాజ్యోతి. "పడుకో."